నియంత మీదికి సైన్యం పంపొచ్చా? వ్యాసం రాసే పద్ధతి

హన్మకొండలో గ్రూప్-1 వ్యాసాలు దిద్దుతుంటాను. ఈ ప్రశ్న ఇచ్చానంటే చాలు, సగం మంది ఫలానా నియంత ఎంత దుర్మార్గుడో రెండు పేజీలు రాసి, చివర్లో 'కాబట్టి జోక్యం సమర్థనీయమే' అని ముగిస్తారు. వాడు దుర్మార్గుడని ఎవరు కాదన్నారు? అడిగింది అది కాదు. బాంబులు వేస్తే జనం బతుకుతారా, వేసినవాళ్లు ఎక్కడ ఆగుతారు అన్నది తేల్చాలి.

ముందు చిత్తు కాగితం మీద రెండు తేదీలు వేసుకోండి. జనాన్ని చంపిందెప్పుడు, సైన్యం కదిలిందెప్పుడు? ఇరాక్‌నే తీసుకోండి. హలబ్జాలో విషవాయువుతో దాదాపు 5 వేల మంది కుర్దులను చంపింది 1988 మార్చి 16న. అప్పట్లో ఇరాన్‌తో యుద్ధంలో అమెరికా మొగ్గు సద్దాం వైపే. దండెత్తింది 2003లో, అదీ సామూహిక విధ్వంసక ఆయుధాలున్నాయని. అవి దొరక్కపోయాక హలబ్జా మాట మరింత ముందుకొచ్చింది. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరగడమంటే ఇదే. పాత నేరానికి శిక్ష వేయడం కోర్టు పని. సైన్యం పంపాలంటే హత్యాకాండ జరుగుతూనైనా ఉండాలి, జరగబోతోందనైనా గట్టి ఆధారం ఉండాలి. రువాండాలో 1994 ఏప్రిల్‌లో సరిగ్గా అదే పరిస్థితి. భద్రతా మండలి మాత్రం అక్కడున్న తన బలగాన్ని పెంచకపోగా, దాదాపు 270కి కుదించాలని తీర్మానించింది. వంద రోజుల్లో సుమారు 8 లక్షల మంది పోయారు. 'జోక్యం ఎప్పుడూ తప్పే' అని రాసేవాళ్లు రువాండాకు జవాబు చెప్పకుండా ముందుకెళ్లకూడదు.

చట్టం గురించి నాలుగు వాక్యాలు చాలు. ఐరాస చార్టర్ 2(4) బలప్రయోగాన్ని నిషేధిస్తుంది. మినహాయింపులు రెండే: ఆత్మరక్షణ, భద్రతా మండలి అనుమతి. 2005లో దేశాలన్నీ ఒప్పుకున్న 'రక్షించే బాధ్యత' కూడా జాతి నిర్మూలన, యుద్ధ నేరాలు, జాతి ప్రక్షాళన, మానవాళిపై నేరాలు అన్న నాలుగింటికే, అదీ మండలి ద్వారానే. ఎన్నికలు పెట్టకపోవడం ఆ జాబితాలో లేదు. 1999లో సెర్బ్ దళాల అణచివేత నుంచి కొసావో జనాన్ని కాపాడతామంటూ, అమెరికా, దాని మిత్రదేశాల సైనిక కూటమి అయిన నాటో, భద్రతా మండలి అనుమతి లేకుండానే 78 రోజులు బాంబులు వేసింది. తర్వాత ఒక స్వతంత్ర కమిషన్ దాన్ని చట్టవిరుద్ధమే గానీ న్యాయసమ్మతమంది. ఈ ముక్క తప్పక రాయండి, చట్టం ఒక్కటే తేల్చలేదని తెలుస్తుంది.

ఇక ఉద్దేశం. ఇక్కడ మనవాళ్లు అమెరికాను ఉతికేసి, 1971లో తూర్పు పాకిస్తాన్‌లో (నేటి బంగ్లాదేశ్) మనం చేసిన జోక్యాన్ని మాత్రం ముట్టుకోరు. ముట్టుకోండి. దాదాపు కోటి మంది శరణార్థులు మన గడ్డ మీదికి వచ్చిన మాట నిజం, పాకిస్తాన్ రెండు ముక్కలవడం మనకు లాభించిన మాటా నిజమే. డిసెంబర్ 7న జనరల్ అసెంబ్లీలో కాల్పుల విరమణ తీర్మానానికి 104 దేశాలు ఓటేశాయి, కాదన్నవి 11. అయినా ఆ జోక్యం నిలబడుతుందనే నేనంటాను, కారణం మన మనసు స్వచ్ఛమని కాదు. 1970 ఎన్నికల్లో 300 జనరల్ స్థానాల్లో 160 గెలిచిన తూర్పు పాకిస్తాన్ పార్టీ అవామీ లీగ్ అధికారం చేపట్టడానికి సిద్ధంగా ఉంది. 1972 మార్చికల్లా మన సైన్యం తిరిగొచ్చేసింది. కంబోడియాలో నియంత పోల్ పాట్‌ను 1979లో తరిమిన వియత్నాం కూడా లక్షల ప్రాణాలు కాపాడింది, కానీ 1989 దాకా అక్కడే తిష్ఠ వేసింది. సైన్యం ఎప్పుడు వెనక్కొచ్చిందో చూస్తే ఉద్దేశం చాలావరకు బయటపడుతుంది.

ఒక్క ఉదాహరణనే లోతుగా రాయాలంటే లిబియాను ఎంచుకోండి. 2011 మార్చి 17న, పౌరుల రక్షణకు బలప్రయోగాన్ని అనుమతించే భద్రతా మండలి తీర్మానానికి (నంబరు 1973) 10 దేశాలు ఓటేశాయి. భారత్ సహా ఐదు తటస్థంగా ఉన్నాయి. ఇంటింటా, సందుసందునా వేటాడతానని లిబియా నియంత గడాఫీ టీవీలోనే బెదిరించాడు, అతని దళాలు తిరుగుబాటుదారుల చేతిలో ఉన్న బెంఘాజీ నగరం అంచుకొచ్చాయి. 19న పాశ్చాత్య దేశాల విమానాలు వాటిని ఆపాయి. ఇక్కడిదాకా నేను సమర్థిస్తాను. ఆ తర్వాత ఏప్రిల్‌లో ఆఫ్రికా యూనియన్ తెచ్చిన సంధి ప్రణాళికకు గడాఫీ సరేనన్నాడు, అతను దిగిపోవాలని అందులో లేదని తిరుగుబాటుదారులు వద్దన్నారు. నాటో దాడులు ఆగలేదు. పౌరుల రక్షణకని ఇచ్చిన అనుమతి ప్రభుత్వాన్ని కూల్చే పనిగా మారింది. అక్టోబర్ 20న గడాఫీ చచ్చాడు, 31న నాటో మూట సర్దుకుంది. ఆ దేశాన్ని ఎవరు నడపాలో ఎవరూ ఆలోచించలేదు. 2016లో బ్రిటన్ పార్లమెంటు కమిటీయే పౌరులకున్న ముప్పును ఎక్కువ చేసి చెప్పారనీ, గురి తప్పారనీ తప్పుబట్టింది. గడాఫీ సొంత ఊరు సిర్తే ఐసిస్ చేతికి చిక్కింది. అక్కడి యూనివర్సిటీలో పనిచేసే ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2015లో అపహరణకు గురై, ఏడాదికి పైగా చెరలో మగ్గారు.

ముగింపులో 'నాణేనికి రెండు వైపులు' అని మాత్రం రాయొద్దు, మార్కు కోస్తాను. ఎక్కడిదాకా సరే, ఎక్కడి నుంచి కాదు అన్నది తేదీతో సహా చెప్పండి.

వచ్చే ఆదివారానికి సిరియాను ఇదే వరసలో రాసుకురండి. 2011 అక్టోబర్ 4న రష్యా, చైనా వేసిన వీటోతో మొదలుపెట్టండి. ఆ రోజు రష్యా రాయబారి లిబియా ప్రస్తావన ఎందుకు తెచ్చాడో అందులో ఉండాలి.