చరిత్ర మనమే చదువుకుందాం – 4వ పాఠం: నందన కరువు ఏ ఏడాది?

పోయిన పాఠం చివర ఒక పని అప్పగించాను. ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పే పాత సంగతుల్లో ఒక్కదానికైనా కాలం అడిగి రాసుకోమన్నాను. చేసినవాళ్ళకు ఈపాటికి తెలిసే ఉంటుంది, పెద్దవాళ్ళు అంకె చెప్పరు. "నందన కరువప్పుడు" అంటారు, "ధాతలో పుట్టింది" అంటారు. ఇంకా గుచ్చి గుచ్చి అడిగితే "నీకెందుకురా అవన్నీ, అన్నం తిను" అంటారు. మన సోషల్ పుస్తకంలో చూస్తే అన్నీ అంకెలే. ఇంట్లో మాటను పుస్తకంలో అంకెతో కలపడం ఇవాళ నేర్చుకుందాం. తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలకి ఇది గంట పని. నోటుబుక్కు, పెన్సిలు, ఇంట్లో ఉంటే పంచాంగం దగ్గర పెట్టుకోండి.

అరవై పేర్లు

తెలుగు సంవత్సరాల పేర్లు అరవై. ప్రభవతో మొదలై అక్షయతో ముగిసి, మళ్ళీ ప్రభవకి వస్తాయి. పేర్లన్నీ బట్టీ పట్టనక్కర్లేదు, పంచాంగంలో వరుసగా ఉంటాయి. గుర్తుంచుకోవాల్సింది ఒక్క అంకె, 1987. ఇప్పుడు నడుస్తున్న చుట్టు ఆ ఏడాది ఉగాదికి ప్రభవతో మొదలైంది.

మీకు దొరికిన పేరు వరుసలో ఎన్నోదో చూడండి. అందులోంచి ఒకటి తీసేసి, మిగిలింది 1987కి కలపండి. నందన 26వది. 25 కలిపితే 2012. అక్కణ్ణుంచి అరవై అరవై తగ్గించుకుంటూ వెనక్కి వెళ్ళండి: 1952, 1892, 1832. మామ్మ చెప్పిన నందన వీటిలో ఏదో ఒకటి. లెక్క ఇంతవరకే తీసుకొస్తుంది. ఏ నందనో తేల్చుకోవడం మన పని, చరిత్ర చదవడం నిజానికి అక్కడే మొదలవుతుంది.

నేను బోల్తా పడ్డ సంగతి

ఉద్యోగంలో చేరిన కొత్తలో, కోనసీమలో ఒక హైస్కూల్లో, ఈ లెక్క చేసి బోర్డు మీద "నందన కరువు – 1892" అని రాసేశాను. మా మామ్మ వాళ్ళ మామ్మ చెప్పిన మాట కాబట్టి సరిపోతుందిలే అనుకున్నాను. ఆ కరువు చూసి చలించిపోయి ధవళేశ్వరంలో ఆనకట్ట కట్టారని కథ కూడా అల్లాను. వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది.

"మాస్టారూ, ఆనకట్ట 1852లో పూర్తయిందని నిన్న మీరే చెప్పారు కదండీ?"

నా చేతిలో సుద్దముక్క అలాగే ఉండిపోయింది. ఆనకట్ట కట్టిన నలభై ఏళ్ళకు వచ్చిన కరువు ఆనకట్టకు కారణం ఎలా అవుతుంది? ఇంకో చుట్టు వెనక్కి వెళ్ళాలి. అంటే 1832. డొక్కల కరువు అని కూడా అంటారే, అది ఇదే. గుంటూరు వైపు మరీ దారుణంగా ఉండేదట. పేరు ఒక్కటే చూసి ఏడాది రాయకూడదని ఆ అమ్మాయి దగ్గర నేర్చుకున్నాను. పక్కన తేదీ ఖాయంగా తెలిసిన సంగతి ఇంకోటి నిలబెట్టి, ఇది దానికి ముందా వెనకా అని అడగాలి. మన డెల్టాలో అందుకు ఆనకట్టను మించింది లేదు. 1847లో పని మొదలు, 1852కి పూర్తి. కాలవలకి ముందు, కాలవలు వచ్చాక అని మన పెద్దవాళ్ళ జ్ఞాపకాలు చాలావరకు రెండుగా చీలిపోతాయి.

పక్కన పెట్టుకోవడానికి అలాంటి సంగతి దొరకకపోతే తరాలు లెక్కపెట్టండి. ఒక కుర్రాడు "మా తాతమ్మ ధాతలో పుట్టిందటండి" అని రాసుకొచ్చాడు. ధాత పదోది, కాబట్టి 1996, 1936, 1876. వాడు పుట్టింది 2011లో. తాతమ్మ అంటే వాడికి మూడు తరాల పైన. తరానికి ఇంచుమించు పాతికేళ్ళు వేసుకుంటే 1936 దగ్గర పడుతుంది. 1996 అయితే నవ్వుతారు, 1876 అయితే ఆవిడ ఇంచుమించు ఎనభై అయిదో ఏట వాళ్ళ తాతయ్యని కన్నట్టు అవుతుంది.

ఉగాది దగ్గర ఒక మెలిక

పుస్తకంలో కరువు 1833 అని ఉంటే, మన లెక్క 1832 అంటోంది. కంగారు పడకండి, రెండూ సరైనవే. తెలుగు ఏడాది జనవరిలో మొదలవదు, ఉగాదికి మొదలవుతుంది. నందన 1832 ఉగాది నుంచి 1833 ఉగాది దాకా నడిచింది. 1832లో వానలు ముఖం చాటేశాయి, ఆకలి చావులు మరుసటి ఏడాదిలోకి పాకాయి. జనం వానలు పోయిన ఏడాది పేరు పెట్టుకున్నారు, పుస్తకం మనుషులు పోయిన ఏడాదిని రాసింది. పరీక్షలో 1832-33 అని రాయండి, గొడవ ఉండదు.

ఈ మెలికను దగ్గర నుంచి చూపిస్తాను. మా ఇంట్లో అటక మీద ట్రంకు పెట్టె ఒకటుంది. అందులో ఎండుగడ్డి రంగుకు తిరిగిన చీటీ, నాలుగు మడతలు, మడత పడ్డచోట పురుగు కొట్టేసింది. మా ముత్తాత మక్తా, అంటే కౌలు, ధాన్యం కొలిచి ఇచ్చినందుకు భూమిగలాయన రాసిచ్చిన చెల్లు చీటీ అది. ఇంగ్లీషు తేదీ ఎక్కడా లేదు. పైన "ప్రజోత్పత్తి సం॥ పుష్య శుద్ధ 5", మధ్యలో "ఫసలీ 1341 మక్తా" అని ఉంది.

ప్రజోత్పత్తి అయిదోది. 1987కి నాలుగు కలిపితే 1991, వెనక్కి వెళితే 1931, ఇంకా వెనక్కి 1871. ఏది? ఇక్కడ నేను తరాలు లెక్కపెట్టలేదు, ఫసలీ ఉంది కదా. ఫసల్ అంటే పంట. శిస్తు లెక్కల కోసం పెట్టుకున్న ఏడాది అది, మన దగ్గర జులై 1న మొదలవుతుంది, సార్వా ఊడ్పుల రోజుల్లో. ఊరి పొలాల లెక్క రాసే పాత అడంగల్లోనూ, శిస్తు రసీదుల్లోనూ ఇదే కనిపిస్తుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు ఏడాది వస్తుంది. 1341కి కలిపితే 1931. అంటే 1931 జులై నుంచి 1932 జూన్ దాకా. రెండు దారులూ ఒక్కచోటికే వచ్చాయి, 1871 పక్కకు పోయింది.

అయితే చీటీ రాసింది 1931లోనా? కాదు. పుష్యమాసం ఎప్పుడొస్తుంది? సంక్రాంతి చుట్టుపక్కల. ప్రజోత్పత్తి 1931 మార్చిలో మొదలైనా, అందులోని పుష్యం వచ్చేసరికి ఇంగ్లీషు క్యాలెండరు మారిపోయి 1932 జనవరి అయింది. సార్వా కోతలు అయ్యాయి, నూర్పిళ్ళు అయ్యాయి, పండక్కి ముందు మక్తా కొలిచేశారు. తారీఖు సరిగ్గా పడేసరికి చీటీ చుట్టూ కళ్ళం కూడా కనిపించింది చూడండి. నెల చూడకుండా ఏడాది రాసేస్తే ఇదంతా పోతుంది.

రాగిరేకుల మీద తారీఖు

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం. ద్రాక్షారామ భీమేశ్వరాలయంలో గోడల మీదా స్తంభాల మీదా శాసనాలు చూసే ఉంటారు, పిల్లలు వాటి పక్కన సెల్ఫీలు దిగుతుంటారు. వాటిలో ఎక్కువగా ఉండేది శక సంవత్సరం. దానికి 78 కలపండి. నెల జనవరి నుంచి ఉగాది లోపు పడితే 79.

అంకె వేసి ఉంటే సులువే. ఒక్కోసారి అంకెను మాటల్లో దాచేస్తారు. గౌతమి ఒడ్డున కోరుమిల్లిలో దొరికిన రాగిరేకుల మీద రాజరాజ నరేంద్రుడి పట్టాభిషేకానికి ఇచ్చిన శక సంవత్సరం "వేద, అంబురాశి, నిధి". పొడుపు కథలా ఉంది కదూ? వేదాలు నాలుగు. అంబురాశి అంటే సముద్రం, సముద్రాలూ నాలుగు. నిధులు తొమ్మిది. 4, 4, 9. కానీ 449 కాదు. ఈ పద్ధతిలో ఒకట్ల స్థానం ముందు చెబుతారు, కుడి నుంచి ఎడమకి వెళ్ళాలి. కాబట్టి 944. దానికి 78 కలిపితే 1022. సూర్యుడు సింహరాశిలో ఉన్నాడని కూడా ఆ శ్లోకమే చెబుతుంది, అంటే ఆగస్టు, సెప్టెంబరు రోజులు. అందుకే 79 అక్కర్లేదు. నన్నయ భారతం రాసిన కొలువు ఈ రాజుదే.

మిగతా అంకెలకి వాడే మాటలు కొన్ని: ఆకాశం, అంబరం అంటే సున్న. శశి ఒకటి, నేత్రాలు రెండు, అగ్ని మూడు, బాణాలు అయిదు, ఋతువులు ఆరు, గిరులు ఏడు, గజాలు ఎనిమిది. ఎందుకు అన్నది మీరే ఆలోచించండి, చాలావాటికి కారణం తేలిగ్గానే తడుతుంది. నాకు మొదట గజాల దగ్గర ఆగిపోయింది. దిక్కుకో ఏనుగు అని తరవాత తెలిసింది.

పుస్తకం పక్కన

ఇప్పుడు నోటుబుక్కులో అడ్డంగా ఒక గీత గీయండి. 1832-33 నందన కరువు. 1839 నవంబరులో కోరంగిని ఊడ్చేసిన ఉప్పెన. 1844, 45ల్లో ఆనకట్ట కట్టాలంటూ ఇంజనీరు కాటన్ ఇచ్చిన నివేదికలు. 1847లో పని మొదలు. 1852లో పూర్తి. చాలామంది ఈ అంకెలు బట్టీ పట్టి, పరీక్ష హాల్లో ఏది ఏదో తెలియక టెన్షన్ పడతారు. అంకెల్ని కాసేపు వదిలేసి వాటి మధ్య ఖాళీలు చూడండి. కరువుకీ తొలి రాయికీ మధ్య దాదాపు పద్నాలుగేళ్ళు. జనం ఆకలి చూసి వెంటనే కట్టారంటే ఇంత ఖాళీ ఎందుకుంటుంది? ఆ మధ్యలో రాజమండ్రి జిల్లా శిస్తు రాబడి పడిపోతూ వచ్చింది, కంపెనీవాళ్ళు విచారణకు మనిషిని పంపారు, ఆ తరవాతే కాటన్ కొలతలకు దిగాడు. "ఆనకట్ట ఎందుకు కట్టారు?" అన్న ప్రశ్నకి కరువు, శిస్తు రెండూ రాసినవాళ్ళ జవాబే నిలబడుతుంది. ఆ పద్నాలుగేళ్ళ గురించి వచ్చే పాఠంలో ఇంకా చూద్దాం.

ఈ వారం చేయాల్సినవి

కందుకూరి వీరేశలింగం పుట్టింది కీలక నామ సంవత్సరంలో, అది 42వది. రాజమండ్రిలో ఆయన తొలి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఆయన పుట్టిన ఏడాది తేల్చండి.

"నేత్ర, బాణ, అంబర, శశి" అని శక సంవత్సరం ఇస్తే ఏ ఏడాది? ఇది ఏ శాసనంలోదీ కాదు, మీకోసం నేను కట్టింది.

1986 ఆగస్టు వరదకి ధవళేశ్వరం దగ్గర గోదావరిలో 35 లక్షల క్యూసెక్కులు దాటి నీళ్ళు పారాయి. అది ఏ నామ సంవత్సరమో ముందు లెక్కవేసి, తరవాత ఇంట్లో అడగండి. పేరుతో గుర్తున్నవాళ్ళు ఎందరు, అంకెతో గుర్తున్నవాళ్ళు ఎందరు అన్నది విడివిడిగా రాసుకోండి. గట్టు మీద ఎన్ని రాత్రులు పడుకున్నారో చెప్పేవాళ్ళు దొరికితే ఆ మాటలు వాళ్ళు చెప్పినట్టే రాసుకోండి, అయిదో పాఠానికి కావాలి.