తుక్కు సీసంతో వల గుండ్లు పోస్తున్నారా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్లకు వేట నిషేధం. ఆ రెండు నెలలూ బారువ, భావనపాడు, కళింగపట్నం మొదలుకొని ఇటు పూసపాటిరేగ మండలం చింతపల్లి దాకా ఒడ్డున వలలు బాగుచేసే పని నడుస్తుంది. వలకు కట్టే సీసం గుండ్లను కొందరు కొనుక్కుంటారు. కొందరు పాత గుండ్లకు తుక్కు కొట్టులో దొరికిన సీసం కలిపి, కరిగించి, సొంతంగా పోసుకుంటారు. ఇది ఆ రెండో రకం వాళ్ల కోసం.

గుండు సరిగ్గా రాకపోతే అందరూ ముందు అచ్చును తిడతారు, తర్వాత మంటను తిడతారు. నా అనుభవంలో తప్పు చాలాసార్లు అంతకుముందే జరిగిపోయి ఉంటుంది, తుక్కును మూకుట్లో వేసేటప్పుడే. కాబట్టి కింద చెప్పిన ఏ ఇబ్బంది వచ్చినా ముందు తుక్కునే అనుమానించండి.

మూకుట్లోంచి సీసం ఒక్కసారిగా పైకి చిమ్మింది

కారణం నీళ్లు, ఇంకేమీ కాదు. సీసం 327 డిగ్రీల దగ్గర కరుగుతుంది. నీళ్లు 100 డిగ్రీలకే ఆవిరవుతాయి. కరిగిన సీసం అడుగున చిక్కిన ఒక్క నీటిబొట్టు క్షణంలో ఆవిరై వెయ్యి రెట్లకు పైగా ఉబ్బుతుంది. పైనున్న సీసాన్నంతా ముఖం మీదికి విసిరేస్తుంది. చూపు పోవడానికి ఆ ఒక్క బొట్టు చాలు.

మన దగ్గర ఈ ప్రమాదం ఎక్కువ. సముద్రంలో నానిన పాత గుండ్లు పైకి పొడిగా కనిపించినా, తాడు దూరే రంధ్రంలో ఉప్పు, ఇసుక, నైలాన్ పోగులు ఇరుక్కుని ఉంటాయి. ఉప్పు గాలిలో తేమను లాక్కుంటుంది. ఎండలో పెట్టాం కదా అని ధీమాగా ఉండకండి. ముందు మంచినీళ్లతో కడిగి ఉప్పు వదిలించండి, పోగులు లాగేయండి, రెండు మూడు రోజులు గట్టి ఎండలో ఆరనివ్వండి. తర్వాత చల్లటి ఖాళీ మూకుట్లోనే తుక్కంతా వేసి, మంట చిన్నగా మొదలుపెట్టి పెంచండి. అప్పుడు లోపలి తేమ సీసం కరగకముందే ఆవిరై పోతుంది. ఇప్పటికే కరిగి ఉన్న సీసంలో చల్లటి తుక్కు వేయడం ఎప్పుడూ పనికిరాదు. ఇంకా వేయాల్సింది ఉంటే మంట ఆపి, ఉన్నది గడ్డకట్టాక వేసి మళ్లీ వెలిగించండి.

గరిటెకూ అచ్చుకూ ఇదే నియమం. రెండింటినీ ముందు వేడిచేయాలి. మే నెల సాయంత్రాల్లో మబ్బు కమ్మితే చెప్పకుండా చినుకు పడుతుంది. అందుకని పైన రేకు, చుట్టూ గాలి ఆడే చోటు చూసుకోండి. తాగే నీళ్ల చెంబు కూడా పొయ్యి దరిదాపుల్లో వద్దు. కళ్లద్దాలు, నూలు బట్టలు, మూసి ఉండే బూట్లు తప్పనిసరి. నైలాన్, పాలిస్టర్ బట్టలు వేడి సీసం పడితే కరిగి ఒంటికి అంటుకుంటాయి. కాలితే 20 నిమిషాలు ధారగా చల్లటి నీళ్లు పోయండి. చర్మానికి అతుక్కున్న సీసాన్ని పీకకుండా ఆసుపత్రికి వెళ్లండి.

పైన అంబలిలా చిక్కగా తేలుతోంది, గరిటెతో తీసినా మళ్లీ వస్తోంది

ఇది జింకు పని. టైర్ల కొట్లలో దొరికే వీల్ బ్యాలెన్స్ బరువుల్లో సీసంవీ ఉంటాయి, జింకువీ ఇనుమువీ కూడా ఉంటాయి. మూడూ ఒకే బూడిద రంగు. జింకు కొద్దిగా కలిసినా సీసం సాఫీగా పారదు, అచ్చు మూలల్లోకి వెళ్లదు.

కరిగించకముందే వేరుచేయడం సులువు. కటింగ్ ప్లేయర్‌తో అంచు నొక్కండి. సీసం మెత్తగా దిగుతుంది, జింకు దిగదు. సిమెంటు గచ్చు మీద పడేస్తే సీసం మొద్దుగా చప్పుడు చేస్తుంది, జింకు ఖంగుమంటుంది. ఇంకా అనుమానముంటే బాత్‌రూమ్ కడిగే యాసిడ్ ఒక చుక్క వేయండి. జింకు మీద బుసబుసా నురుగు వస్తుంది, సీసం మీద రాదు. యాసిడ్ తగిలిన ముక్కను కడిగి ఆరబెట్టాకే మిగతావాటితో కలపండి. ఇనుము సంగతి అయస్కాంతం చెబుతుంది.

చేతిని తప్పించుకుని ఒకటీ అరా పడినా, వేడి అదుపులో ఉంటే భయం లేదు. జింకు కరగడానికి 419 డిగ్రీలు కావాలి. సీసం కరిగీ కరగగానే, 350 దాటకముందే, పైకి తేలిన గట్టి ముక్కల్ని తీసేయండి. జింకు, ఇనుము సీసంకన్నా తేలిక కాబట్టి అవే తేలతాయి. కొలవడానికి కె-టైప్ ప్రోబ్ (ఇంత వేడిని తట్టుకుని కొలిచే పుల్ల) ఉన్న డిజిటల్ థర్మామీటర్ కొనుక్కోండి. ఈ పనిలో అది దండగ ఖర్చు కాదు.

జింకు కరిగిపోయాక మాత్రం ఇంట్లో పూర్తిగా తీయలేం. మంట తగ్గించి, సీసం గడ్డకట్టే ముందు పైన ఏర్పడే గట్టి పొరను తీస్తే కొంత పోతుంది. ఆ దిమ్మ మీద గుర్తు పెట్టి పక్కన ఉంచండి. మంచి సీసంలో సర్దేద్దాం అనుకుంటే అదీ చెడుతుంది. గాల్వనైజ్డ్ బకెట్లో, డబ్బాలో కరిగించినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే ఆ పూత జింకే. అల్యూమినియం గిన్నెలు వేడికి మెత్తబడి కుంగుతాయి. మందపాటి ఇనుప మూకుడే వాడండి. దాన్ని ఇక ఎప్పటికీ వంటకు తీసుకెళ్లకూడదు.

తెట్టు బోలెడంత వస్తోంది, తూకం తగ్గిపోతోంది

పైన కట్టే బూడిద రంగు పొర అంతా మురికి కాదు. అందులో చాలా భాగం గాలి తగిలి మారిన లోహమే. తీసి పారేస్తే సీసం పోతుంది, తుక్కులో తగరం కలిసి ఉంటే దానికన్నా ముందు అది పోతుంది. కొవ్వొత్తి ముక్క గానీ, పొడి రంపపు పొట్టు గానీ, కాస్త గుగ్గిలం గానీ పైన వేసి, పొడి ఇనుప గరిటెతో అడుగు గీరుతూ కలపండి. అది కాలినప్పుడు పుట్టే బొగ్గు, పొరలోని ఆక్సిజన్‌ని లాక్కుంటుంది, లోహం తిరిగి కిందికి చేరుతుంది. పొగ మండుతుంది, ముఖం దూరంగా పెట్టండి. నాకు రంపపు పొట్టే నచ్చుతుంది, కానీ అది ఎండి గలగలలాడాలి. చివరికి పొడిగా మిగిలిన నల్లటి పొట్టును మాత్రమే తీయండి.

ఈ మొదటి కరిగింపు శుభ్రం చేయడానికే. అందులోంచే గుండ్లు పోయాలని తొందరపడొద్దు. చిన్న దిమ్మలుగా పోసి, అవి ఎక్కడి సీసంతో చేసినవో సుద్దముక్కతో రాసి పెట్టుకోండి. గుండ్లు వేరే శుభ్రమైన మూకుట్లో, రెండోసారి కరిగించి పోయండి. సగం సమస్యలు ఇక్కడే ఆగిపోతాయి.

ఘాటు వాసన, దగ్గు, ఎంత కలిపినా కరగని మడ్డి

పాత బ్యాటరీ ప్లేట్లు వేశారన్నమాట. వెంటనే మంట ఆపి, గాలికి ఎదురు వైపు దూరంగా జరగండి. ఆ ప్లేట్ల మీద ఉన్నది ఎక్కువగా సీసం సల్ఫేటు, ఆక్సైడు. ఇంటి మంటకు అవి సీసంగా మారవు. పైగా యాసిడ్ పొగ. ఈ రోజుల్లో బ్యాటరీ ప్లేట్లలో కాల్షియం కలుపుతున్నారు. ఆ మడ్డికి తేమ తగిలితే ఆర్సీన్, స్టిబీన్ అనే ప్రాణాంతక వాయువులు పుట్టే అవకాశం ఉంది. దీనికి ఇంట్లో చేసుకునే పరిష్కారం లేదు. పాత బ్యాటరీని కొత్తది కొనేటప్పుడు డీలర్‌కే ఇచ్చి ధర తగ్గించుకోండి. 2022 బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాటిని వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది.

గుండు మీద ముడతలు, అంచులు గుండ్రంగా మొద్దుబారడం

అచ్చు చల్లగా ఉంది. మొదటి నాలుగైదు గుండ్లు ఎలాగూ అలాగే వస్తాయి, మళ్లీ మూకుట్లో వేసుకోవచ్చు, అదీ వేడిగా ఉండగానే. తర్వాత కూడా అలాగే వస్తుంటే అచ్చులో నూనె ఉందేమో చూడండి. దానికి ముందు జింకును అనుమానించండి.

గుండు మంచు పట్టినట్టు తెల్లగా వస్తే అచ్చు మరీ వేడెక్కింది, కాసేపు తెరిచి ఉంచండి. బరువుకు నష్టం లేదు. చుట్టూ రెక్కలా పలుచటి రేకు వస్తే అచ్చు రెండు ముక్కలూ సరిగా మూసుకోలేదు. మధ్యలో సీసం తునక ఇరుక్కుని ఉంటుంది.

తెట్టు తీసిన వెంటనే కరిగిన సీసం పైభాగాన పసుపు, నీలం, ఊదా రంగులు పాకితే సీసం అవసరానికి మించి కాగుతోంది. 400 దాటాల్సిన పని లేదు. 500 దగ్గరికి వెళ్లేకొద్దీ సీసం పొగ పెరుగుతుంది, అది కంటికి కనిపించదు.

వల తాడు మీద నొక్కితే గుండు పగులుతోంది

సీసంలో యాంటిమొనీ అనే లోహం ఎక్కువైంది. వీల్ బరువుల్లో సీసాన్ని గట్టిపరచడానికి దాన్ని కలుపుతారు. గోరుతో గీస్తే గీత పడే మెత్తటి సీసం పాత టెలిఫోన్ కేబుళ్ల తొడుగుల్లో దొరుకుతుంది. నొక్కి బిగించే గుండ్లకు అదే వాడండి. గట్టి సీసాన్ని రంధ్రం ఉన్న గుండ్లకు ఉంచండి.

పోసిన మనిషికి కడుపునొప్పి, మలబద్ధకం, నీరసం, చేతుల్లో పట్టు తగ్గడం

ఇది ఎండ దెబ్బ అనుకుని ఊరుకోకండి. సీసం ఒంట్లో చేరితే ఈ లక్షణాలన్నీ వస్తాయి. పిల్లల్లో అయితే ఏ లక్షణమూ కనిపించకుండానే మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. ఇంత వరకు ఫర్వాలేదు అనే సురక్షితమైన మోతాదు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఎక్కువగా ఒంట్లోకి వెళ్లేది తెట్టు పొడి, చేతుల ద్వారా. పని మధ్యలో టీ, బీడీ, కిళ్లీ వద్దు. చేతులు సబ్బుతో కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే ఇంట్లోకి వెళ్లండి, బిడ్డను ఎత్తుకోండి. ఆ బట్టలు విడిగా ఉతకాలి. పని చోటును చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది, తడిగుడ్డతో తుడవాలి, అదీ పొయ్యి పూర్తిగా చల్లారాకే. మామూలు గుడ్డ మాస్కు ఈ పొగను ఆపదు. గాలి ఇళ్ల వైపు నుంచి సముద్రం వైపు వీచే పొద్దుటి పూట పోయండి, మధ్యాహ్నమైతే సముద్రపు గాలి అంతా ఊరి మీదికే తెస్తుంది. చేపలు ఎండబెట్టే ఇసుక దగ్గర అసలే వద్దు. తెట్టును మూతున్న ఇనుప డబ్బాలో దాచి తుక్కు కొట్టుకు ఇచ్చేయండి. బావి గట్టున గానీ, ఒడ్డున గానీ పోయకండి.

ఇంట్లో ఆరేళ్లలోపు పిల్లలో, గర్భిణో ఉంటే ఈ పని పెట్టుకోకండి, గుండ్లు కొనుక్కోండి. ఇప్పటికే కొన్నేళ్లుగా పోస్తున్నవాళ్లు డాక్టర్‌ దగ్గరికి వెళ్లి సీసంతో పనిచేస్తామని నోరు తెరిచి చెప్పండి. చెప్పకపోతే ఆ దిశగా ఆలోచించే అవకాశం తక్కువ. రక్తంలో సీసం ఎంతుందో చూసే పరీక్ష రాయించుకోండి, పిల్లలుంటే వాళ్లకూ చేయించండి.