హర్లింగ్‌లో ఫౌల్ చేసిన ఆటగాడికి న్యాయంగా, అందరికీ ఒకే తీరుగా శిక్ష వేయడం ఎలా?

హర్లింగ్ ఐర్లండ్‌లో కర్రలతో ఆడే బంతి ఆట. 2017 వేసవిలో అఖిల ఐర్లండ్ హర్లింగ్ పోటీల క్వార్టర్ ఫైనల్లో వాటర్‌ఫర్డ్ కౌంటీ ఆటగాడు టైగ్ ద బూర్కా, వెక్స్‌ఫర్డ్ ఆటగాడు హ్యారీ కీయో హెల్మెట్ ముందుండే ఇనుప జాలీ మీద చెయ్యి వేసినందుకు ఎర్ర కార్డు చూశాడు. విచారణ సంఘం, అప్పీళ్ల సంఘం, ఆ పైన స్వతంత్ర మధ్యవర్తుల దాకా వెళ్లినా ఫలితం లేక సెమీఫైనల్‌కు దూరమయ్యాడు. ఆ సెమీఫైనల్లోనే అదే వాటర్‌ఫర్డ్ జట్టుకు చెందిన ఆస్టిన్ గ్లీసన్, కార్క్ ఆటగాడు ల్యూక్ మీడ్ హెల్మెట్‌ను తల మీదినుంచి లాగేశాడు. అతనికి ఎర్ర కార్డు రాలేదు, తర్వాత విచారణ లేదు, గాల్వేతో జరిగిన ఫైనల్ కూడా ఆడాడు. ఒకే జట్టు, ఒకే వేసవి, ఒకే రకం తప్పు. తీర్పులు మాత్రం రెండు. ఇటువంటి తేడా రాకుండా ఉండాలంటే రిఫరీ ఏం చేయాలి, మ్యాచ్ తర్వాత కూర్చునే క్రమశిక్షణ సంఘం ఏం చేయాలి అన్నది ఈ వ్యాసం విషయం.

ఈ ఆట తెలియనివారికి ముందుగా రెండు మాటలు చెప్పాలి. జట్టుకు 15 మంది. చేతిలో యాష్ కలపతో చెక్కిన హర్లీ అనే కర్ర. ఆడేది స్లిటర్ అనే చిన్న తోలు బంతితో. బంతి గోల్ స్తంభాల మధ్య, అడ్డుకర్ర కింద నుంచి వెళితే గోల్, అంటే 3 పాయింట్లు. పైనుంచి వెళితే 1 పాయింటు. 1884లో టిప్పరరీ కౌంటీలోని థర్లెస్ పట్టణంలో పుట్టిన గేలిక్ అథ్లెటిక్ అసోసియేషన్, వాడుకలో జీఏఏ, దీన్ని నడుపుతుంది. ఆటగాళ్లెవరికీ జీతాలు ఉండవు. ఉద్యోగాలు చేసుకుంటూ, చలికాలమంతా సాధన చేసి, వేసవిలో వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని పెద్ద మ్యాచ్‌లు ఆడేవారికి ఒక్క మ్యాచ్ నిషేధం కూడా చాలా పెద్ద శిక్షే. ఆ సంగతి శిక్ష వేసేవారికి గుర్తుండాలి, కానీ దాన్ని చూసి చెయ్యి వణకకూడదు.

ముందు తప్పు ఏ తరగతిదో తేల్చండి

హర్లింగ్‌లో శరీరాలు తాకడం తప్పు కాదు. భుజానికి భుజం ఆనించి పక్కనుంచి నెట్టవచ్చు. గాలిలో ఉన్న బంతి కోసం రెండు కర్రలు ఢీకొనవచ్చు. అందువల్ల దెబ్బ శబ్దాన్ని బట్టి, ప్రేక్షకుల కేకను బట్టి ఫౌల్‌ను కొలవడం మొదలుపెడితే పది నిమిషాలలోనే దారి తప్పుతారు. నియమావళి తప్పులను మెట్లుగా విడదీసింది. బంతిని చేతిలో పట్టుకుని నాలుగు అడుగులకు మించి నడవడం, విసరడం వంటివి సాంకేతిక తప్పులు. వాటికి అవతలి జట్టుకు ఫ్రీ, అంటే అడ్డు లేకుండా బంతిని కొట్టే అవకాశం, ఇస్తే సరిపోతుంది. కర్రను అజాగ్రత్తగా వాడడం వంటివి పసుపు కార్డు తప్పులు. రెండో పసుపు కార్డుతో ఆటగాడు బయటికి వెళ్లాలి. ప్రత్యర్థిని కొట్టడం, కొట్టబోవడం, అతనికి ప్రమాదకరంగా ప్రవర్తించడం నేరుగా ఎర్ర కార్డు తప్పులు. హెల్మెట్‌ను గానీ దాని జాలీని గానీ కావాలని పట్టుకుని లాగడం ఈ చివరి కోవలోకి వస్తుంది.

విజిల్ ఊదిన వెంటనే రిఫరీ తనకు తాను వేసుకోవలసిన ప్రశ్నలు ఎప్పుడూ ఒకే వరుసలో ఉండాలి. బంతి అందేంత దూరంలో ఉందా? కర్ర బంతి వైపు వెళ్లిందా, మనిషి వైపు వెళ్లిందా? ఒంటిచేత్తో అందుకోబోయాడా, రెండు చేతులతో బిగించి ఊపాడా? తగిలింది చేతికా, తలకా? దెబ్బలో బలం ఎంత? ఈ వరుసలో గాయం ప్రశ్నను నేను కావాలనే చివరికి నెడతాను. కింద పడి దొర్లే ఆటగాడిని చూసి తీర్పు మొదలుపెడితే నటన తెలిసినవాడికి లాభం, ఓర్చుకుని లేచినవాడికి నష్టం. అలాగని గాయాన్ని పూర్తిగా పక్కన పెట్టడానికి నియమం ఒప్పుకోదు: హర్లీతో స్వల్ప బలంతో కొడితే ఒక తరగతి, గట్టిగా కొట్టినా గాయపరిచినా అంతకంటే పై తరగతి. కనుక ముందు అది కొట్టడమేనా అని తేల్చుకోవాలి, ఆ తర్వాతే ఎంత గట్టిగా అన్నది చూడాలి. ఈ క్రమాన్ని తిరగేసే రిఫరీలు ఒకే దెబ్బకు ఒకనాడు పసుపు, మరోనాడు ఎరుపు చూపిస్తూనే ఉంటారు.

గడియారాన్ని, స్కోరుబోర్డును, పేరును చూడకండి

మొదటి అయిదు నిమిషాలలో ఎర్ర కార్డు చూపితే ఆట చెడిపోతుందన్న మాట ఐర్లండ్‌లో గట్టుమీది ప్రతి పెద్దమనిషీ అంటాడు. 2025 ఏప్రిల్‌లో కార్క్ నగరంలో టిప్పరరీ, కార్క్ జట్లు తలపడినప్పుడు, రిఫరీ బంతిని ఇంకా లోపలికి వేయకముందే టిప్పరరీ కుర్రాడు డారా మెకార్తీ ప్రత్యర్థిని హర్లీతో కొట్టాడు. ఎర్ర కార్డు అప్పుడే వచ్చింది. టిప్పరరీ ఆట మొత్తం 14 మందితో ఆడింది. 2019 ఫైనల్లో కిల్‌కెనీ ఆటగాడు రిచీ హోగన్ మోచేయి టిప్పరరీ ఆటగాడి తలకు తగిలినప్పుడు మొదటి సగం ఇంకా ముగియలేదు, డబ్లిన్‌లోని క్రోక్ పార్క్ మైదానంలో 80 వేలకు పైగా జనం ఉన్నారు, అయినా రిఫరీ ఎర్ర కార్డు తీశాడు. ఆ కార్డు సబబా కాదా అని ఈనాటికీ వాదించుకుంటారు. సబబే అయితే అది అయిదో నిమిషంలోనూ, అరవయ్యో నిమిషంలోనూ, ఫైనల్లోనూ, పల్లె క్లబ్బుల మ్యాచ్‌లోనూ సబబే కావాలి. ఆటను సాగనివ్వడమనే ఓర్పును సాంకేతిక తప్పుల దగ్గర చూపించవచ్చు. తలకు తగిలే కర్ర దగ్గర దానికి చోటు లేదు.

పేరు సంగతి ఇంకా కష్టం. మొహం చూసి బొట్టు పెట్టడం రెండు విధాలుగా జరుగుతుంది. పేరున్న ఆటగాడిని చూసీ చూడనట్టు వదిలేయడం ఒకటి, దురుసువాడని ముద్రపడినవాడి ప్రతి కదలికనూ తప్పుగా చదవడం రెండోది. దీనికి రిఫరీ చేయగలిగిన పని ఒకటుంది: మనసులోనైనా సరే, ఆటగాళ్లను పేర్లతో కాక చొక్కా నంబర్లతో తలచుకోవడం అలవాటు చేసుకోవాలి.

మిగతా ఆరు జతల కళ్లను వాడుకోండి

రిఫరీ ఒక్కడే బంతి వెంట పరుగెడతాడు. ఇద్దరు లైన్స్‌మన్‌లు, గోల్ స్తంభాల దగ్గర తెల్లకోట్లు వేసుకున్న నలుగురు అంపైర్లు బంతికి దూరంగా జరిగేవి చూడగలరు. కార్డు చూపే అధికారం రిఫరీదే అయినా, తాను చూడనిదాన్ని వారు చెబితే దాని మీద చర్య తీసుకోవచ్చు. ఇద్దరు ఆటగాళ్లు కలబడితే సాధారణంగా కంటపడేది రెండో దెబ్బ. మొదట గిచ్చినవాడు తప్పించుకుని, తిరిగి కొట్టినవాడు బయటికి పోవడం ఈ ఆటలో అతి పాత అన్యాయం. కాబట్టి అంపైర్ దగ్గరికి వెళ్లినప్పుడు "ఆరో నంబరేనా కొట్టింది?" అని అడగవద్దు. "మీరు ఏం చూశారు?" అని అడగండి. మొదటి ప్రశ్నలో జవాబు ముందే ఉంది.

తప్పు జరిగినా దెబ్బతిన్న జట్టుకు లాభం ఉంటే అయిదు సెకన్ల వరకు ఆటను ఆపకుండా చూసే వెసులుబాటు రిఫరీకి ఉంది. బంతి గోల్లోకి వెళ్లిన సంబరంలో కార్డు మరచిపోవడం మాత్రం తరచూ జరుగుతుంది. ఆట ఆగగానే వెనక్కి వెళ్లి ఆ ఆటగాడి నంబరు రాసుకోండి.

గోల్ అవకాశాన్ని చెడగొట్టిన ఫౌల్ దగ్గర మరింత జాగ్రత్త

2021లో జీఏఏ ఒక కొత్త నియమం తెచ్చింది. 20 మీటర్ల గీత లోపల గానీ, దాన్ని ఆనుకుని ఉన్న అర్ధచంద్రాకారం లోపల గానీ, ప్రత్యర్థిని కిందికి లాగడమో, కాలు అడ్డం పెట్టడమో, కర్రను అజాగ్రత్తగా వాడడమో చేసి గోల్ అవకాశాన్ని చెడగొడితే, పెనాల్టీ ఇవ్వడమే కాక ఆటగాడిని 10 నిమిషాలు బయట కూర్చోబెట్టాలి. ఇందులో మూడు షరతులున్నాయి: చోటు, ఫౌల్ రకం, గోల్ అవకాశం. మొదటి రెండూ కంటికి కనిపించేవి. మూడోది రిఫరీ అంచనా, చిక్కంతా అక్కడే.

అదే ఏడాది జులైలో లిమరిక్‌లో క్లేర్, టిప్పరరీ జట్ల మధ్య, దక్షిణ ఐర్లండ్ కౌంటీలు ఆడే మన్‌స్టర్ ప్రాంతీయ పోటీల సెమీఫైనల్ జరిగింది. టిప్పరరీ ఆటగాడు జేక్ మోరిస్ బంతితో పక్కగీత వైపున ఉండగా క్లేర్‌కు చెందిన ఐడన్ మెకార్తీ అతన్ని ఫౌల్ చేశాడు. రిఫరీ పెనాల్టీ ఇచ్చి మెకార్తీని బయటికి పంపాడు; పెనాల్టీ గోల్ అయింది, మ్యాచ్ టిప్పరరీది అయింది. అంత పక్కకు ఉన్నవాడికి గోల్ అవకాశం ఎక్కడిదని క్లేర్ వారు అడిగారు, ఆ ప్రశ్నలో పస ఉందనే నా అభిప్రాయం. ఇటువంటి చోట రిఫరీ మూడు సంగతులు చూడాలి: బంతి ఉన్నవాడు గోల్ వైపు తిరిగి ఉన్నాడా, అతనికీ గోల్ కీపర్‌కూ మధ్య ఇంకెంతమంది రక్షకులున్నారు, గోల్‌కు ఏ కోణంలో ఉన్నాడు. ఒక కౌంటీలోని రిఫరీలందరూ పోటీల సీజన్‌కు ముందు కూర్చుని, పాత వీడియోలలోని ఇటువంటి ఫౌల్‌లను ఆపి ఆపి చూస్తూ, ఎవరికి వారు ముందు కాగితం మీద తీర్పు రాసి ఆ తర్వాత పోల్చుకుంటే తేడాలు అక్కడే బయటపడతాయి. ముందు చర్చించి తర్వాత రాస్తే మాత్రం సీనియర్ మాటే అందరి తీర్పు అవుతుంది.

రిపోర్టును మీరు చూసింది చూసినట్టు రాయండి

అన్ని మెట్లలోకీ దీన్నే నేను ముఖ్యమంటాను. మైదానంలో చూపిన ఎర్ర కార్డు సాయంత్రానికి ఒక కాగితమవుతుంది, సంఘం చదివేది ఆ కాగితాన్నే. "ఆరో నంబరు ఆటగాడు దురుసుగా ప్రవర్తించాడు, పంపించేశాను" అని రాస్తే ఏ తరగతి తప్పో తెలియదు, నిషేధం ఒక మ్యాచా రెండా అన్నదీ తేలదు, ఏ కాస్త తెలిసిన క్లబ్బు కార్యదర్శి అయినా దాన్ని విచారణలో చీల్చి చెండాడతాడు. అదే సంగతిని ఇలా రాయవచ్చు:

"41వ నిమిషంలో, 45 మీటర్ల గీత దగ్గర, ఎరుపు జట్టు 11వ నంబరు ఆటగాడు బంతిని కొట్టేసిన తర్వాత, నీలం జట్టు 6వ నంబరు ఆటగాడు రెండు చేతులతో పట్టుకున్న హర్లీతో అతని మోచేతి మీద కొట్టాడు. దెబ్బలో బలం స్వల్పం. నేను సుమారు 10 మీటర్ల దూరంలో, మధ్యలో ఎవరూ అడ్డం లేకుండా చూశాను. దెబ్బ తిన్న ఆటగాడు ఆట కొనసాగించాడు. హర్లీతో స్వల్ప బలంతో కొట్టినందుకు 6వ నంబరుకు ఎర్ర కార్డు చూపాను."

ఇందులో విశేషణాలు దాదాపు లేవు. ఉద్దేశం గురించి ఊహ లేదు. నియమావళిలోని తప్పు పేరు నియమావళిలో ఉన్నట్టే ఉంది. ఇలా రాసినదాన్ని ఏ ఇద్దరు చదివినా ఒకే శిక్ష దగ్గరికి వస్తారు. రిపోర్టును ఆ రాత్రే రాయాలి, టీవీలో మ్యాచ్ విశేషాలు చూడకముందే రాయాలి.

ప్రతిపాదించేవారు వేరు, విచారించేవారు వేరు

జాతీయ స్థాయిలో పోటీల నియంత్రణ సంఘం రిపోర్టు చదివి శిక్షను ప్రతిపాదిస్తుంది. ఆటగాడు ఒప్పుకోవచ్చు, లేదా వేరొక విచారణ సంఘాన్ని ఆశ్రయించవచ్చు. దాని పైన అప్పీళ్ల సంఘం, అన్నిటికీ పైన 2005లో ఏర్పడిన స్వతంత్ర వివాద పరిష్కార సంస్థ ఉన్నాయి. ఇన్ని మెట్లెందుకని విసుక్కునేవారికి 2021 జవాబు చెప్పింది. సెమీఫైనల్లో ఎర్ర కార్డు చూసిన లిమరిక్ ఆటగాడు పీటర్ కేసీకి వచ్చిన ఆ కార్డును విచారణ సంఘం కొట్టివేసింది; అతను ఫైనల్ ఆడి, మోకాలి గాయంతో వెళ్లిపోయే లోపే 5 పాయింట్లు కొట్టాడు.

చిన్న కౌంటీ సంఘంలో నాలుగు మెట్లు ఉండకపోయినా, శిక్ష ప్రతిపాదించినవాడే విచారణ బల్ల వెనుక కూర్చోకూడదు, ఆటగాడి క్లబ్బుకు గానీ అవతలి క్లబ్బుకు గానీ చెందిన సభ్యుడు ఆ గదిలోనుంచి లేచి వెళ్లాలి. ఆటగాడికి రిపోర్టు నకలు ముందుగా అందాలి.

వీడియోను ఎలా వాడాలన్నది చాలా సంఘాలు తేల్చుకోలేకపోతున్న విషయం. క్రోక్ పార్క్‌లో డజను కెమెరాలుంటాయి, మండల స్థాయి మైదానంలో ఒక్కటీ ఉండదు. కెమెరాకు దొరికినవాడే దోషి అయ్యే పద్ధతిలో పేరున్న జట్ల ఆటగాళ్లు ఎక్కువ శిక్ష అనుభవిస్తారు, కెమెరా లేని చోట కొట్టినవాడు నవ్వుకుంటాడు. రిఫరీ రాసినదాన్ని నిలబెట్టడానికో, కాదనడానికో వచ్చిన వీడియోను సాక్ష్యంగా చూడవచ్చు. టీవీ వ్యాఖ్యాతలు ఆదివారం రాత్రి వేలెత్తి చూపించారని సోమవారం పొద్దున కొత్త కేసు తెరిచే అలవాటును మాత్రం సంఘం మానుకోవాలి. రిఫరీ ఆ సంఘటనను చూసి, అక్కడికక్కడ తగిన చర్య తీసుకున్నానని చెబితే, ఆ తీర్పు నచ్చకపోయినా దాన్ని తిరగతోడకూడదు.

చివరి పని గుమాస్తా పనిలా ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ చేయరు. ప్రతి కేసుకూ ఒక పుస్తకంలో తేదీ, తప్పు తరగతి, రిపోర్టులోని ముఖ్య వాక్యం, వేసిన శిక్ష, దానికి కారణం రెండు వరుసలలో రాసి ఉంచాలి. ఆటగాడి పేరు, క్లబ్బు వేరే పేజీలో ఉండాలి. కొత్త కేసు వచ్చినప్పుడు సభ్యులు ముందు ఆ మొదటి పేజీనే తెరిచి, అదే తరగతి తప్పుకు ఇంతకుముందు ఏం వేశారో చూడాలి. దానికి భిన్నంగా వేయదలచుకుంటే, ఎందుకో ఆటగాడికి పంపే ఉత్తరంలోనే రాయాలి.