తెల్ల ట్రిలియం అనుకుని నేను మోసపోయిన పువ్వు

అమెరికాలోని స్మోకీ పర్వతాల అడవిలో ఏప్రిల్‌లో నడిస్తే ట్రిలియం అనే అడవి పూల మొక్క కనిపించకుండా ఉండదు. అది ట్రిలియమేనని చెప్పడం తేలిక: ఒకే కాడ, పైన మూడు ఆకులు, పువ్వుకు మూడు పచ్చని రక్షక పత్రాలు, మూడు రేకులు. మారేడు దళం గుర్తుంటే చాలు. ఏ రకమన్నదే తలనొప్పి.

నేను మొదట్లో రంగు చూసి తీర్పు చెప్పేసేవాణ్ణి. తెల్లగా ఉంటే గ్రాండిఫ్లోరం (తెల్ల ట్రిలియం అనేది దీన్నే), ఎర్రగా ఉంటే ఎరెక్టం అనే రకం, అంతే. తప్పు. ఎరెక్టంలోనూ తెల్ల పూలుంటాయి. గ్రాండిఫ్లోరం ముదిరేకొద్దీ గులాబీ రంగుకు తిరుగుతుంది.

అందుకే ఇప్పుడు మోకాళ్ల మీద కూర్చుని పువ్వు మధ్యలోకి చూస్తాను. అండాశయం ముదురు ఊదా ఎరుపులో ఉంటే, రేకులు ఎంత తెల్లగా ఉన్నా ఎరెక్టం వైపే మొగ్గుతాను. లేత ఆకుపచ్చగా ఉండి, రేకులు బాకాలా లేచి విచ్చుకుంటే గ్రాండిఫ్లోరం. ముక్కు కూడా పనికొస్తుంది; ఎరెక్టం కుళ్లిన వాసనకి ఈగలు వస్తాయి. నేను ఒక్కసారే దగ్గరగా పీల్చాను, చాలు.

ఇంకా పైకెక్కితే, ఆమ్ల నేలల్లో అండ్యులేటం అనే మరో రకం. తెల్ల రేకుల మొదట్లో కుంచెతో గీసినట్టు ఎర్రటి గీతలు, ఆకులకు చిన్న తొడిమలు. దీన్ని పొరబడటం కష్టం.

కోయకండి, స్మోకీ పర్వతాల జాతీయ పార్కులో నిషేధం. పైగా విత్తనం నుంచి పూతకు ఏళ్లు పడుతుంది. పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, రెండు ఫోటోలు తీసుకోండి.