ఊళ్ళో ఉన్న ఆయాస రోగిని దూరం నుంచి కనిపెట్టుకొని ఉండే పద్ధతి

కోనసీమలోనూ, పాలకొల్లు, భీమవరం వైపునా పెద్దవాళ్ళిద్దరే ఉంటున్న ఇళ్ళు ఎన్నో. పిల్లలు హైదరాబాదులోనో, గల్ఫ్ దేశాల్లోనో ఉంటారు. తండ్రికి చుట్ట వల్లనో, తల్లికి ఏళ్ళ తరబడి కట్టెలూ కొబ్బరి డొక్కలూ మండించిన పొయ్యి పొగ వల్లనో సీఓపీడీ (ఊపిరి దారులు ఇరుకై ఆయాసం వదలకుండా ఉండే జబ్బు) వచ్చినదని తెలియగానే పిల్లలు చేసే మొదటి పని పల్స్ ఆక్సిమీటర్ (వేలికి తగిలిస్తే రక్తంలో ఆక్సిజన్ శాతం చూపే పరికరం) కొని పంపడం. నిజానికి అది రెండో పని కావాలి. రోగి కుదురుగా ఉన్న రోజుల్లోనే వైద్యుణ్ణి కలిసి, ఈ మనిషికి మామూలు అంకె ఎంత, ఎంతకు దిగితే ఫోన్ చేయాలి, ఎవరికి చేయాలి అన్నవి అడిగి, మందుల చీటీ వెనకే రాయించుకోవాలి. స్కాట్లాండ్‌లో 256 మంది రోగులపై జరిపి 2013లో ప్రచురించిన పరిశోధనలో, మంచి వైద్యసేవ అప్పటికే అందుతున్నవారికి దూర పర్యవేక్షణను అదనంగా చేర్చినా ఆసుపత్రిలో చేరడం వాయిదా పడలేదు. కాబట్టి పరికరం మీద కన్నా, అంకె చూశాక ఎవరేం చేస్తారన్న ఏర్పాటు మీదే ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

కొలిచే ముందు రోగి ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. వేళ్ళు చల్లగా ఉంటే రుద్ది వెచ్చబరచాలి. గోళ్ళకు రంగు గానీ, ముదురు గోరింటాకు గానీ ఉంటే అంకె తప్పు రావచ్చు. అంకె నిలకడగా ఆగేదాకా చూసి, నాడి వేగంతో సహా, రోజూ ఒకే వేళకు నోటు పుస్తకంలో రాయాలి. ఆరోగ్యవంతులకు 95 శాతానికి పైగా ఉంటుంది గాని, ఈ జబ్బు ఉన్న కొందరికి 91 కూడా మామూలే. ఆ సంగతి తెలియని కొడుకు కంగారుపడి కాన్సన్‌ట్రేటర్‌లో (గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే యంత్రం) ఆక్సిజన్ పెంచమని ఫోన్‌లో చెప్పడం చాలా ప్రమాదం. ఆక్సిజన్ మితిమీరితే కొందరిలో రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకొని మగత కమ్ముతుంది. అందుకే జబ్బు తిరగబెట్టినప్పుడు వైద్యులు సాధారణంగా 88 నుంచి 92 శాతం మధ్య నిలిపేందుకే చూస్తారు.

అంకె కన్నా ముందుగా మారేవి మరికొన్ని ఉన్నాయి. ఆయాసం పెరగడం, కఫం ఎక్కువ కావడం, అది పసుపుపచ్చగానో ఆకుపచ్చగానో మారడం అనే మూడింటిలో రెండు కనబడితే ఆ రోజే వైద్యుడికి చెప్పాలి. “ఎలా ఉన్నారు నాన్నగారూ?” అంటే “బానే ఉన్నాను” అనే జవాబు తప్ప మరొకటి రాదు కనుక, వీధి చివర దాకా వెళ్ళివస్తూ ఎన్నిసార్లు ఆగారు, రాత్రి దిండుకు ఆనుకొని కూర్చునే పడుకున్నారా అని అడగాలి, ఇంకా మంచిది, అమ్మగారిని అడగడం. పెదవులు నీలం తిరిగినా, ఒక్క వాక్యం కూడా పూర్తిగా పలకలేకపోయినా, మగతగా ఉండి పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఇక అంకె కోసం చూడకుండా 108కి ఫోన్ చేయాలి.

వీడియో కాల్‌తో దక్కే అసలు ప్రయోజనం ఇన్‌హేలర్ వాడే తీరు కళ్ళారా చూడగలగడం. మందు పనిచేయడం లేదనుకునే చాలా సందర్భాల్లో అది ఊపిరితిత్తుల దాకా చేరడమే లేదు. నొక్కే రకమైతే బాగా కదిపి, ఊపిరి పూర్తిగా వదిలి, నెమ్మదిగా పీల్చడం మొదలుపెడుతూ ఒక్కసారి నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. చేతికీ ఊపిరికీ పొత్తు కుదరని పెద్దవారికి స్పేసర్ (ఇన్‌హేలర్‌కు తగిలించి, మందును అందులోంచి పీల్చే బోలు డబ్బా) తప్పనిసరి అనే నా అభిప్రాయం. గొట్టం మాత్ర (క్యాప్సూల్) పెట్టి అందులోని పొడిని పీల్చే రకమైతే వేగంగా, గాఢంగా పీల్చాలి. మన తేమ గాలికి గొట్టాలు మెత్తబడతాయి కనుక ఒక్కొక్కటీ వాడేముందే అట్ట నుంచి తీయాలి. స్టెరాయిడ్ ఉన్న మందైతే పీల్చిన తరువాత నోరు పుక్కిలించి ఉమ్మాలి.

పట్నం వెళ్ళలేని రోజున గ్రామ ఆరోగ్య కేంద్రం ద్వారా ఈ-సంజీవని అనే ప్రభుత్వ దూరవైద్య సేవలో వైద్యునితో మాట్లాడవచ్చు. అప్పుడు నోటు పుస్తకం చేతిలో ఉండాలి.

ఇక ఋతువుల సంగతి. సార్వా, దాళ్వా కోతల తరువాత గడ్డి తగలబెట్టే రోజుల్లోనూ, భోగి మంటల తెల్లవారుజామునా రోగిని తలుపులు మూసిన గదిలో ఉంచాలి. దోమలకని వేసే పొగ ఏ కాలంలోనూ పనికిరాదు. ఇంట్లో కాన్సన్‌ట్రేటర్ ఉంటే ఆ గదిలో దీపం, హారతి కర్పూరం, బీడీ ఏవీ వెలిగించకూడదు. తుపాను వస్తే కరెంటు రోజుల తరబడి పోవచ్చు కనుక, అక్టోబరు రాకముందే నిండు సిలిండరు, దానికి సరిపడే రెగ్యులేటరు ఇంట్లో ఉండాలి. లంక గ్రామాలవారు ధవళేశ్వరం వద్ద గోదావరి ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వెలువడగానే, పడవల కోసం ఎదురుచూసే దశ రాకముందే, నెలకు సరిపడా మందులతో రోగిని గట్టు మీది బంధువుల ఇంటికి చేర్చాలి. ఆ ఇంటి ఫోన్ నంబరునూ, అక్కడికి దగ్గరలోని ఆసుపత్రి పేరునూ చీటీ వెనక ముందే రాసి ఉంచాలి.