మొదటి సివిల్ అప్పీలు దాఖలు: కాపీ దరఖాస్తు నుంచి స్టే ఉత్తర్వు దాకా

దావా ఓడిన సాయంత్రం కక్షిదారు అడిగే ప్రశ్న, అప్పీలులో గెలుస్తామా అని. ఆ ప్రశ్నకు జవాబు వెతికే ముందు న్యాయవాది గుమాస్తాను అడగవలసినది ఒకటుంది: తీర్పు సర్టిఫైడ్ కాపీకి (కోర్టు ధ్రువీకరించి ఇచ్చే నకలుకు) దరఖాస్తు పడిందా? సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 96 కింద వేసే మొదటి అప్పీలులో వాస్తవాలనూ చట్టాన్నీ రెంటినీ తిరిగి పరిశీలించమని కోరే హక్కు ఉన్నా, ఆ హక్కు చాలాసార్లు వాదనల దాకా రాకుండా నంబరింగ్ దశలోనే (కోర్టు కార్యాలయం కాగితాలు పరిశీలించి నంబరు ఇచ్చే దశలోనే) చిక్కుబడిపోతుంది.

గడువు మాట ముందు చూద్దాం. లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 116 ప్రకారం అప్పీలు హైకోర్టుకు అయితే 90 రోజులు, జిల్లా కోర్టు వంటి ఇతర కోర్టుకు అయితే 30 రోజులు. వాణిజ్య వివాదాలకు 2015 నాటి కమర్షియల్ కోర్టుల చట్టం సెక్షన్ 13 ప్రకారం 60 రోజులు. మన రెండు తెలుగు రాష్ట్రాలలో అప్పీలు ఏ కోర్టుకు పోవాలన్నది దావా విలువను బట్టి 1972 నాటి సివిల్ కోర్టుల చట్టం నిర్ణయిస్తుంది. ఆ పరిమితులు సవరణలతో మారుతూ వచ్చాయి కనుక పాత ఫైలు చూసి రాయకుండా ప్రస్తుత పాఠాన్నే చూసుకోవాలి.

ఈ గడువులో నుంచి కాపీ పొందడానికి అవసరమైన కాలాన్ని లిమిటేషన్ చట్టం సెక్షన్ 12 మినహాయిస్తుంది. ఇక్కడే ఎక్కువమంది తప్పు లెక్క వేస్తారు. కాపీ వెనుక ముద్రలో దరఖాస్తు వేసిన తేదీ, చార్జీలు కట్టమన్న తేదీ, కట్టిన తేదీ, కాపీ సిద్ధమైన తేదీ, కాపీ ఇచ్చిన తేదీ విడివిడిగా ఉంటాయి. మినహాయింపు సిద్ధమైన తేదీతో ఆగిపోతుంది; సిద్ధమైన కాపీని మనం తీసుకోకుండా ఊరుకున్న రోజులు మన ఖాతాలోనే పడతాయి. చార్జీలు కట్టడంలో మనం చేసిన ఆలస్యమూ అంతే.

ఒక ఉదాహరణ. తీర్పు మార్చి 10న వచ్చింది, దరఖాస్తు 18న పడింది, కాపీ ఏప్రిల్ 2న సిద్ధమైంది, మనం 9న తీసుకున్నాం. తీర్పు రోజును వదిలేస్తే 30 రోజులు ఏప్రిల్ 9తో ముగుస్తాయి. మార్చి 18 నుంచి ఏప్రిల్ 2 వరకు 16 రోజులు కలిపితే చివరి తేదీ ఏప్రిల్ 25. కాపీ చేతికందిన తేదీ దాకా లెక్కించినవారు మే 2 అనుకొని నిశ్చింతగా ఉంటారు, ఏడు రోజులు ఆలస్యంగా వస్తారు. పైగా దరఖాస్తు వేయకముందు డిక్రీ (తీర్పు ఫలితాన్ని నమోదు చేసే అధికారిక పత్రం) తయారు చేయడానికి కోర్టు తీసుకున్న సమయం మినహాయింపులోకి రాదని అదే సెక్షన్ వివరణ స్పష్టంగా చెబుతోంది. కనుక డిక్రీ రానీ, అప్పుడు చూద్దాం అనే అలవాటు మానుకోవాలి. చివరి రోజు వేసవి సెలవులలో పడితే అదే చట్టం సెక్షన్ 4 ప్రకారం కోర్టు తెరిచిన రోజే దాఖలు చేయాలి, మరునాడు కాదు.

ఆలస్యం జరిగితే సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 41 రూల్ 3ఎ ప్రకారం, ఆలస్యాన్ని మన్నించమని కోరుతూ అఫిడవిట్‌తో కూడిన మాఫీ దరఖాస్తు అప్పీలుతోబాటే ఉండాలి. అది జత చేయకపోవడం సరిదిద్దుకోదగిన లోపమేనని సుప్రీంకోర్టు 2000లో చెప్పింది గాని, ఆలస్యం సంగతి తేలి అప్పీలు విచారణకు స్వీకరించే దాకా స్టే (డిక్రీ అమలు నిలుపుదల) ఇవ్వరాదని అదే రూల్ అంటోంది. అనారోగ్యం అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టే అఫిడవిట్లకు కాలం చెల్లింది. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక భూసేకరణ కేసులో 5,659 రోజుల ఆలస్యాన్ని మాఫీ చేయడానికి నిరాకరిస్తూ, మాఫీ దశలో కేసు యోగ్యతలోకి పోనక్కరలేదని, ఇతరులకు ఊరట దొరికిందన్నది కారణం కాదని సుప్రీంకోర్టు 2024 ఏప్రిల్‌లో చెప్పింది.

1999 నాటి సవరణ 2002 జూలై 1న అమలులోకి వచ్చాక, ఆర్డర్ 41 రూల్ 1 ప్రకారం మెమొరాండంకు (అప్పీలు అర్జీకి) తీర్పు కాపీ జత చేస్తే చాలు. డిక్రీ ఇంకా తయారు కాకపోయినా అప్పీలు వేయవచ్చని ఆర్డర్ 20 రూల్ 6ఎ కూడా చెబుతుంది. అయినా రెంటికీ ఒకేసారి దరఖాస్తు వేయడం మేలు. డిక్రీలో దొర్లిన తప్పు అప్పీలు ముగిశాక కనబడితే కలిగే చికాకు ఇంతా అంతా కాదు. అదే సవరణలో మారిన ఆర్డర్ 41 రూల్ 9, డిక్రీ ఇచ్చిన కోర్టే మెమొరాండం స్వీకరించాలన్నట్లు ఉండి గందరగోళం రేపింది. అక్కడ దాఖలు చేయనంత మాత్రాన అప్పీలు కోర్టులో వేసిన అప్పీలు లోపభూయిష్ఠం కాదని సేలం అడ్వొకేట్ బార్ అసోసియేషన్ కేసులో 2002లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

రెండు దావాలను కలిపి విచారించి ఒకే తీర్పు ఇచ్చినప్పుడు డిక్రీలు రెండని మరచిపోకండి. ఒకదానిపైనే అప్పీలు వేస్తే, అంతిమమైపోయిన రెండవ డిక్రీ రెస్‌జుడికేటాగా (ఒకసారి తేలిపోయిన అంశాన్ని మళ్లీ తేల్చరాదన్న అడ్డంకిగా) ఎదురు నిలిచే ప్రమాదముంది. కోర్టు ఫీజు మీద పొదుపు చేయదగిన చోటు ఇది కాదు.

అప్పీలు ఆధారాలు (తీర్పు ఎందుకు తప్పో చెప్పే కారణాలు) రాసేటప్పుడు తీర్పు సాక్ష్యానికి విరుద్ధం అనే వాక్యాన్ని పది రకాలుగా తిప్పి రాయడం కంటే, ఏ ఇష్యూ (విచారణాంశం) మీద, ఏ ఎగ్జిబిట్‌ను (సాక్ష్యంగా గుర్తు వేసిన పత్రాన్ని), ఏ సాక్షి క్రాస్ ఎగ్జామినేషన్‌లోని ఏ మాటను కింది కోర్టు పట్టించుకోలేదో చెప్పడం మంచిది. రూల్ 31 ప్రకారం అప్పీలు కోర్టు నిర్ణయించవలసిన పాయింట్లు ఏర్పరచి కారణాలు రాయాలి; మీ ఆధారాలే ఆ పాయింట్లకు నమూనా కావాలి.

అప్పీలు వేసినంత మాత్రాన ఎగ్జిక్యూషన్ (డిక్రీ అమలు) ఆగదు. రూల్ 5 కింద గణనీయమైన నష్టం, జాప్యం లేకపోవడం, సెక్యూరిటీ అనే మూడింటినీ చూపుతూ ఐ.ఎ. (మధ్యంతర దరఖాస్తు) వేయాలి. డబ్బు డిక్రీ అయితే వివాదాస్పదమైన మొత్తాన్ని డిపాజిట్ చేయాలని లేదా సెక్యూరిటీ ఇవ్వాలని రూల్ 1(3) చెబుతోంది. అలా చేయకపోతే స్టే దొరకదు గాని, అప్పీలు కొట్టివేయడానికి అది కారణం కాదు. కక్షిదారుకు ఈ సంగతి వకాలత్ మీద సంతకం పెట్టే రోజే చెప్పాలి. స్టే వచ్చాక కూడా, ఆ ఉత్తర్వు కింది కోర్టుకు తెలిసిన తేదీ నుంచే పనిచేస్తుందని రూల్ 5 వివరణ చెబుతోంది. ఉత్తర్వు అందేలోగా అప్పీలుదారు తన స్వయం పరిజ్ఞానంతో అఫిడవిట్ వేస్తే కింది కోర్టు దానిపై చర్య తీసుకోవాలి గనుక, స్టే దొరికిన రోజే ఆ అఫిడవిట్ సిద్ధం చేయించి, మరుసటి ఉదయం అమీను (కోర్టు ఉత్తర్వులు అమలు చేసే ఉద్యోగి) స్వాధీనానికి బయలుదేరే లోపల ఎగ్జిక్యూషన్ కోర్టు బెంచి మీద ఉంచండి.