కారు అద్దాల పాత నల్ల ఫిల్ము, జిగురు మిగలకుండా తీయాలంటే

సెకండ్ హ్యాండ్ కారు కొంటే అద్దాలకు పాత యజమాని అంటించిన నల్ల ఫిల్ము కూడా వెంట వస్తుంది. సుప్రీంకోర్టు 2012లో వీటిని నిషేధించింది కాబట్టి పోలీసులు ఆపితే జరిమానా కట్టాల్సి రావచ్చు. పీకుదామంటే ఎండకు పెళుసెక్కిన పైపొర చిరిగి, జిగురంతా అద్దానికే ఉండిపోతుంది.

లీటరు నీళ్లలో రెండు చెంచాల గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి స్ప్రే సీసాలో పోయండి. మధ్యాహ్నం కారును ఎండలో నిలిపి, అద్దం బయటి వైపు ఆ నీళ్లు చల్లి, నల్లటి చెత్త సంచిని కత్తిరించి పరవండి. తడికి అదే అతుక్కుంటుంది. గంట ఆగాక లోపలి వైపు నుంచి ఒక మూల లేపి, ఫిల్మును అద్దానికి దగ్గరగా మడిచి మెల్లగా లాగండి. ఇక్కడ తొందర అసలు పనికిరాదు. నిదానంగా లాగితేనే జిగురు కూడా ఫిల్ముతో పాటు వచ్చేస్తుంది. మిగిలిన మరకలపై అవే సబ్బునీళ్లు చల్లి, పది నిమిషాలు నాననిచ్చి పాత ప్లాస్టిక్ కార్డుతో గీకండి. డోరు స్విచ్‌లు తడవకుండా అద్దం అడుగున తువ్వాలు పెట్టుకోండి.

వెనుక అద్దానికి మంచు పోగొట్టే సన్నని గీతలు ఉంటే మాత్రం బ్లేడు ఆనించవద్దు, ప్లాస్టిక్ కార్డుతోనే గీతల వెంబడే గీకాలి, వాటిని దాటుతూ కాదు. గీత తెగితే ఆ భాగం ఇక వేడెక్కదు. వేడి చేశాక కూడా ఫిల్ము ముక్కలు ముక్కలుగానే ఊడుతుంటే అక్కడితో ఆపి, ఆవిరి యంత్రం ఉన్న దుకాణానికి ఇవ్వండి.